కుర్చీకి సర్టిఫికెట్

మా మేనల్లుడు ఈ మధ్య ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లాడు. ఎదుటి పెద్దమనిషి తెర మీద జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక లూపు, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ముక్క, చూపించాడు. అందులో ఐ అనే వేరియబుల్, అంటే విలువను దాచుకునే గడి, సున్నా నుంచి రెండు దాకా తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ ‘ఒక సెకను ఆగి ఐ ఎంతో ప్రింట్ చెయ్యి’ అంటూ, అడిగిన పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాము ముక్క అయిన ఒక పేరులేని ఫంక్షన్‌కు పని అప్పగిస్తుంది. ఏమి ప్రింటవుతుంది? సున్నా, ఒకటి, రెండు అన్నాడు మావాడు. పెద్దమనిషి చిరునవ్వు నవ్వాడు. ఆ చిరునవ్వు మీకు తెలుసు. మీలో సగం మంది దాన్ని భరించి ఉంటారు, మిగతా సగం నవ్వి ఉంటారు.

సరైన జవాబు మూడు, మూడు, మూడు. రెండుతో ఆగే లూపులోకి మూడు ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం మర్యాద కాదు. అయినా భాషా నిర్మాతల తరఫున వినమ్రంగా విన్నవిస్తాను. పేరులేని ఫంక్షన్ బయటి వేరియబుల్‌ను పట్టుకుంటుంది. పట్టుకునేది ఆ క్షణాన అందులో ఉన్న విలువను కాదు, వేరియబుల్‌నే. జావాస్క్రిప్ట్‌లో ‘వార్’ అనే మాటతో ప్రకటించిన ఐ లూపంతటికీ ఒక్కటే. ఫంక్షన్లు నిద్ర లేచేసరికి లూపు ఎప్పుడో ముగిసిపోయి, దాన్ని ఆపిన మూడు మాత్రం ఐలో మిగిలి ఉంటుంది. మూడు ఫంక్షన్లూ దాన్నే చదివి వినిపిస్తాయి.

ఇంత చక్కని పద్ధతిని మన తహసీల్దారు కార్యాలయాలు ఇంకా అందిపుచ్చుకోకపోవడం విచారకరం. ఆదాయ సర్టిఫికెట్ల కోసం సైదులు, మంగమ్మ, ఖాదర్ బాషా వచ్చారనుకోండి. గుమాస్తా ఒక్కొక్కరినీ ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి, వివరాలన్నీ శ్రద్ధగా విని, దరఖాస్తులో ‘పేరు’ అన్న గడిలో ‘నా ఎదుటి కుర్చీలో ఉన్న మనిషి’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తాడు. మూడు దరఖాస్తుల్లోనూ అదే మాట. సాయంత్రం సంతకాల వేళకు ఆ ముగ్గురూ ఊళ్లకు వెళ్లిపోయారు. ఫ్యాను కట్టేయడానికి వచ్చిన అటెండరు వీరాస్వామి మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని ఆ కుర్చీలో కాసేపు కూలబడ్డాడు. తహసీల్దారు తలెత్తి చూశారు. మూడు సర్టిఫికెట్లూ వీరాస్వామి పేరిట వెలువడ్డాయి.

మర్నాడు మంగమ్మ వచ్చి, ‘నా పేరు చెప్పాను కదయ్యా’ అంది.

‘చెప్పావమ్మా. కానీ నేను రాసుకున్నది కుర్చీని. నిబంధనల పుస్తకంలో స్పష్టంగా ఉంది, చదువుకోవలసింది.’

‘మరి ఇప్పుడు ఏమి చేయమంటావు?’

‘ఈసారి వచ్చేటప్పుడు నీ కుర్చీ నువ్వే తెచ్చుకో.’

నవ్వకండి. ప్రోగ్రామర్లకు ఏళ్ల తరబడి అందిన సాంకేతిక సలహా అక్షరాలా ఇదే. గో భాషలో లూపులోకి అడుగు పెట్టగానే ‘ఎక్స్ అంటే ఎక్స్’ అనే వరుస ఒకటి రాసి కొత్త కుర్చీ వేసుకునేవారు. జావాస్క్రిప్ట్‌లో ఫంక్షన్ చుట్టూ ఇంకో ఫంక్షన్ కట్టి, దాన్ని అక్కడికక్కడే పిలిచేవారు. పైథాన్‌లో నేటికీ ‘లాంబ్డా ఐ = ఐ’ అని రాస్తారు (లాంబ్డా అంటే పేరులేని ఫంక్షనే). అది నిజానికి ఒక డిఫాల్ట్ ఆర్గ్యుమెంట్, అంటే పిలిచేవారు ఏ విలువా ఇవ్వకపోతేనే పనికొచ్చే విలువ. కాబట్టి పైథాన్‌లో కిటికీలు, బటన్లు తయారుచేసే టికింటర్‌లో ఆ లాంబ్డాను మౌస్ క్లిక్కుకు బైండ్ చేస్తే, ఆ క్లిక్కు వివరాలు మోసుకొచ్చే ఈవెంట్ వచ్చి తిన్నగా ఐలోనే కూర్చుంటుంది. కుర్చీ ఇంటి నుంచి మోసుకొచ్చినా ఫలితం లేదన్నమాట.

జావా వారు దీన్ని కఠినంగా పరిష్కరించారు. 2014లో లాంబ్డాలు తెస్తూ, పట్టుకున్న లోకల్ వేరియబుల్ మళ్లీ మారడానికి వీల్లేదన్నారు. జనం వెంటనే ఒకే గది ఉన్న అర్రే (విలువల వరుస) తయారు చేసి, అర్రేను కదల్చకుండా లోపలి సరుకు మార్చుకోవడం మొదలుపెట్టారు. అయినా ప్రోగ్రామును నడిపే ముందు తనిఖీ చేసే కంపైలరు ముందే తిట్టి పంపుతుంది కాబట్టి జావాను నేను గౌరవిస్తాను. సీ ప్లస్ ప్లస్ 2011 నుంచి ‘విలువ కాపీ కావాలా, అసలు వేరియబుల్‌ను చూపే రెఫరెన్స్ కావాలా’ అని మనల్నే అడుగుతోంది. రెఫరెన్స్ అన్నామా, కార్యాలయం కూల్చేశాక కూడా కుర్చీ కోసం ఆ శిథిలాల్లో వెతుకుతుంది.

వేరియబుల్‌ను పట్టుకోవడమే తప్పని నేను అనడం లేదు. పిలిచినప్పుడల్లా ఒకటి పెంచే కౌంటరు రాయాలంటే వేరియబుల్ కావలసిందే, కాపీ పనికిరాదు. 1964లో పీటర్ లాండిన్ ఇలా బయటి వేరియబుల్‌ను పట్టుకునే ఫంక్షన్‌కు ‘క్లోజర్’ అని పేరు పెట్టినప్పుడూ, 1975లో స్కీమ్ అనే భాష పుట్టినప్పుడూ ఉద్దేశం మంచిదే. తప్పంతా లూపుది. మూడు చుట్లకు ఒకే వేరియబుల్‌తో సరిపెట్టిన పిసినారితనానిది. స్కీమ్‌లో డూ లూపు ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ ఇస్తుంది. 1995లో బ్రెండన్ ఐక్‌ను నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీ చేర్చుకున్నది బ్రౌజర్‌లో స్కీమ్ పెడదామన్న ఆశ చూపించే. పది రోజుల్లో బయటికి వచ్చింది మాత్రం జావాస్క్రిప్ట్.

ఇదంతా ఇంటర్వ్యూ సరదా అనుకునేవారు లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంగతి చూడాలి. వెబ్‌సైట్లకు ఉచితంగా గుర్తింపు సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ అది. ఒక దరఖాస్తులో ఎన్నో డొమైన్లు (వెబ్‌సైట్ల పేర్లు) ఉన్నప్పుడు, ‘మీకు సర్టిఫికెట్ ఇచ్చే అధికారం మాకు ఉందా’ అని ఒక్కోదాన్నీ మళ్లీ సరిచూడాలి. గోలో రాసిన వారి ప్రోగ్రాము పది డొమైన్లుంటే ఒకే డొమైన్‌ను పదిసార్లు సరిచూసింది. అక్కడ పేరులేని ఫంక్షన్ లేదు, లూపు వేరియబుల్ చిరునామా తీసుకోవడమే జరిగింది. కుర్చీ మాత్రం ఇదే. 2019 జూలైలో దూరిన ఆ తప్పు 2020 ఫిబ్రవరి 29న బయటపడింది. 30 లక్షలకు పైగా సర్టిఫికెట్లు దాని బారిన పడ్డాయి. రాసినవారు పసివాళ్లు కాదు, ఇంటర్నెట్ భద్రతే వృత్తిగా ఉన్నవాళ్లు.

అంతటివాళ్లే బోల్తా పడిన చోట ఇరవై రెండేళ్ల కుర్రాడిని నిలబెట్టి నవ్వుతారా? సీ షార్ప్ భాష వారు 2012లో, ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ ఇచ్చేలా, తమ లూపుల్లో ఒకటైన ఫోర్‌ఈచ్‌ను మార్చుకున్నారు. పాత ప్రోగ్రాముల ప్రవర్తన మారుతుందని తెలిసీ మార్చుకున్నారు. జావాస్క్రిప్ట్ వారు 2015లో, ‘వార్’కు బదులు ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ ఇచ్చే ‘లెట్’ తెచ్చారు. అంటే కన్నవాళ్లే సిగ్గుపడి దిద్దుకున్న తప్పు ఇది. దాన్ని తెచ్చి ప్రతిభకు కొలబద్దగా పెట్టారు! లూపు ఎలా తిరగాలో అలాగే తిరుగుతుందని నమ్మినందుకు ఆ పిల్లవాడికి ‘ఫండమెంటల్స్ బలహీనం’ అని రాసి పంపించారు. ఫీజులకు పొలం అమ్ముకున్న తండ్రికి ఆ మాట ఎలా చెప్పుకోవాలి? వాడి ఫండమెంటల్స్‌కు ఏ లోటూ లేదు. లోటు మీ ప్రశ్నలో ఉంది, మీ నవ్వులో ఉంది.

గో వారు 2024 ఫిబ్రవరిలో, 1.22 వెర్షన్‌లో, ప్రతి చుట్టుకూ కొత్త వేరియబుల్ మంజూరు చేశారు. పాత ప్రోగ్రాములు నొచ్చుకోకూడదని ఒక వెసులుబాటు కూడా పెట్టారు. ప్రాజెక్టులోని ‘గో డాట్ మాడ్’ ఫైలులో 1.21 అని ఉంటే లూపు పాత పద్ధతిలో నడుస్తుంది, 1.22 అని ఉంటే కొత్త పద్ధతిలో. లూపులో ఒక్క అక్షరం మారకపోయినా జవాబు మారవచ్చు. సీ షార్ప్‌లో మామూలు ఫర్ లూపు ఇప్పటికీ ఒకే వేరియబుల్‌తో కాలక్షేపం చేస్తోంది. పైథాన్ వారి దగ్గర అయితే ఈ ఫిర్యాదుకు తరచూ అడిగే ప్రశ్నల జాబితాలో శాశ్వత స్థానమే ఉంది. పక్కనే జవాబు కూడా ఉంది, భాషను ఏమీ అనకుండా.