చీ గారికి బహిరంగ లేఖ

క్యూ-ఐ అని రాసుకుని చీ అని పిలిపించుకునే ఇంగ్లీషు పదానికి,

నమస్కారాలేవీ పెట్టడం లేదు, నీ మీద చాలా కోపంగా ఉన్నాను. పోయిన ఆదివారం మారతహళ్ళిలో మా అద్దె ఫ్లాట్‌లో, అక్షరాల బిళ్ళల్ని గళ్ళ బోర్డు మీద ఇంగ్లీషు పదాలుగా పేర్చే స్క్రాబుల్ ఆడుతుంటే, ఆరో తరగతి చదివే మా మేనకోడలు రెండు బిళ్ళలు పెట్టి, నా మొహంలోకి చూసి "చీ" అంది. వంటింట్లోంచి మా అమ్మ గరిటెతో సహా వచ్చేసింది, మేనమామని పట్టుకుని ఛీ అంటావా, మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనా అని. ఆ అమ్మ తన కూతురేనన్న సంగతి కోపంలో మర్చిపోయింది. పిల్ల తిట్టలేదు, పదం పలికింది అని నేను సర్దిచెప్పేసరికి దాని ఖాతాలో 62 పాయింట్లు పడిపోయాయి.

అరవై రెండు! క్యూకి 10, ఐకి 1, మామూలుగా నీ ధర 11. కానీ క్యూ బిళ్ళ అక్షరానికి మూడింతలిచ్చే గడిలో పడింది, అడ్డంగా ఒక చీ, అప్పటికే కింద ఉన్న ఐతో కలిసి నిలువుగా ఇంకో చీ, అటు 31, ఇటు 31. దానికి ముందు వంతులో నేను ఎంతో ఆలోచించి రెంట్ అని పెట్టాను. నాలుగక్షరాలకి నాలుగంటే నాలుగే పాయింట్లు. బెంగళూరులో రెంట్ నాలుగు! మా ఓనర్ వింటే ఆ డబ్బా కిటికీలోంచి బయటికి విసిరేస్తాడు. వాటర్‌కి ఎనిమిదట, ఎండాకాలం ట్యాంకర్ కోసం పొద్దున్నుంచీ ఫోన్లు చేసినవాళ్ళని అడగాలి అది ఎనిమిదో కాదో.

ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్‌ని తిడదామంటే, ఆయన పాపం అమెరికా ఆర్థిక మాంద్యంలో పని పోయిన ఆర్కిటెక్ట్. పేపరు మొదటి పేజీల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో కూర్చుని లెక్కపెట్టాడు, అరుదుగా కనపడేదానికి ఎక్కువ ధర కట్టాడు. వంద బిళ్ళల్లో క్యూ ఒక్కటే. ఇంగ్లీషులో క్యూ పక్కన మామూలుగా ఉండాల్సిన యూలు నాలుగున్నాయి కానీ, అవసరమైనప్పుడు ఒక్కటీ రాదు. ఆట అయిపోయేసరికి క్యూ చేతిలో మిగిలితే మనకి పది కోత, అవతలివాడు బిళ్ళలన్నీ ఊడ్చేసి ఉంటే ఆ పది వాడికి. అంటే పెట్టుకున్నవాడికి భయం ఉండాలి. నువ్వొచ్చి ఆ భయం కాస్తా తీసేశావు. ఇప్పుడు యూ అక్కర్లేదు, తొమ్మిది ఐలలో ఏదో ఒకటి దొరక్కపోదు.

అసలు నువ్వు చైనా మాటవి, ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ఇలా లేవు. ఇంగ్లీషువాళ్ళు నిన్ను సీ-హెచ్-ఐ అని రాసేవాళ్ళు, ఆ లెక్కన నీ విలువ 8. 1958లో చైనా ప్రభుత్వం తమ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి పిన్‌యిన్‌ని అమల్లోకి తెచ్చింది, అందులో నీ మొదటి ధ్వనికి క్యూ వచ్చింది. ఒక అక్షరం తగ్గి మూడు పాయింట్లు పెరిగాయి! మావాళ్ళు న్యూమరాలజీ అని డబ్బు కట్టి మరీ పేరులో ఇంకో ఏ చేర్చుకుంటారు, జీతంలో రూపాయి మార్పుండదు. నీది కంపెనీ మారిన హైక్. అమెరికా టోర్నమెంట్ల పదాల జాబితాలో 2006లో చోటు కూడా కొట్టేశావు.

అర్థం అడిగితే ఊపిరి, ఆవిరి, ప్రాణశక్తి అంటావు. నా ఫోన్‌ని తీగ లేకుండా ఛార్జ్ చేసే పలక పద్ధతికి కూడా నీ పేరే, అక్కడా చీ అనే పలకాలి, కరెంటు పోతే మాత్రం ఏ ప్రాణశక్తీ కనపడదు. కబ్బన్ పార్కులో నెమ్మదిగా చేతులాడించే ఒక పెద్దాయన, తాయ్ చీ అనే ఆ చైనా వ్యాయామం పేరులో ఉన్నది కూడా నువ్వేనని నాకు అరగంట చెప్పాడు. కాదు, అది పరాకాష్ఠ అనే అర్థమున్న వేరే చైనా మాట, పాత స్పెల్లింగులో నీలా కనపడుతుందంతే. నువ్వున్నది చీగాంగ్ అనే ఇంకో చైనా శ్వాస వ్యాయామం పేరులో. చేయని పనికి కూడా పేరు కొట్టేయడం నీకు బాగా అలవాటనుకుంటా.

ఇవన్నీ ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మకి చెప్పాను, పాత చైనా లిపిలో నీ అక్షరానికి పైన ఆవిరి గుర్తు, కింద బియ్యం గుర్తు ఉంటాయని కూడా. అమ్మ నా కంచంలో అన్నం వడ్డిస్తూ, "ఆవిరి అన్నంలోంచే కదా వచ్చేది, మరి బియ్యం అనే పెట్టుకోకపోయావా" అంది.

"రైస్‌కి ఆరేనమ్మా."

"నాలుగు మెతుకులు ఎక్కువ తిను," అంది, ఆటలో ఓడినందుకో, ఆ ఆరు పాయింట్లకో తెలీదు.

సరే, విషయానికొస్తాను. రేపు మళ్ళీ ఆదివారం. క్యూ నాకు వస్తే, వెంటనే ఒక ఐని కూడా పంపగలవా? ఈ లేఖ సంగతి మా మేనకోడలికి చెప్పొద్దు.

ఇట్లు,
రెంట్ పెట్టి నాలుగు పాయింట్లు తెచ్చుకున్నవాడు