“వారంలో తేలే పనికి మూడేళ్ళ ప్రాజెక్టా?”: ఒక వాట్సాప్ మెసేజీకి ఖండన

మా బాబాయ్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. రోజూ పొద్దున్నే వెంకన్న ఫొటో, ఒక గులాబీ పువ్వు తప్ప ఇంకేమీ పెట్టని మనిషి. ఈసారి పెట్టిన మెసేజీని అప్పటికే మరో మూడు గ్రూపుల్లో చూశాను, చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని చెప్పే జంట బాణాల గుర్తుతో సహా. అందులో ఉన్నది ఇదీ:

“అడవిలో తుపాకీ పట్టుకుని తిరిగినవాడు లొంగిపోతే పాతిక లక్షలు. కష్టపడి చదివిన మన పిల్లలకు ఉద్యోగాల్లేవు. డబ్బు అయిపోగానే వీళ్ళు మళ్ళీ అడవికే పోతారు, లేదంటే ఇంకో నయీం అవుతారు. పైగా వీళ్ళ మీద యూనివర్సిటీల్లో రీసెర్చ్ ప్రాజెక్టులు! వివరాలన్నీ పోలీసు ఫైళ్ళలోనే ఉన్నాయి. పదిమందిని కూర్చోబెట్టి అడిగితే వారంలో తేలేదానికి మూడేళ్ళెందుకు?”

సాయుధ దళాలను వదిలి వచ్చినవాళ్ళ మీద జరిగే పరిశోధనల్లో ఫీల్డు పనిని సమన్వయం చేయడం నా ఉద్యోగం. కాబట్టి ఆ చివరి వాక్యం నేరుగా నా పొట్ట మీదే కొడుతోంది. నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుని, ఒక్కో మాటా తీసి చూస్తాను.

“లొంగిపోతే పాతిక లక్షలు”

ఈ అంకె గాల్లోంచి పుట్టలేదు. 2025 సెప్టెంబరులో మావోయిస్టు కేంద్ర కమిటీ సభ్యురాలు పోతుల పద్మావతి అలియాస్ సుజాత హైదరాబాదులో లొంగిపోయినప్పుడు, ఆమె తల మీదున్న పాతిక లక్షల రివార్డును ఆమెకే ఇచ్చారు. తెలంగాణలో పద్ధతి అది. ఎవరి మీద ఎంత రివార్డు ఉంటే ఆ సొమ్ము లొంగిపోయినవాళ్ళకే. కానీ ఆమె నాలుగు దశాబ్దాలు అజ్ఞాతంలో గడిపి పైమెట్టు దాకా వెళ్ళిన మనిషి. కేంద్ర కమిటీలో ఉండేది ఎందరు? దళంలో బియ్యం మోసి, వంట చేసి, రాత్రిళ్ళు సెంట్రీ కాసేది ఎందరు? హోదా తగ్గినకొద్దీ రివార్డూ తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వ పథకం చూస్తే పై స్థాయి వాళ్ళకు 5 లక్షలు, మిగతావాళ్ళకు 2.5 లక్షలు. అది కూడా బ్యాంకులో డిపాజిట్ వేసి, మూడేళ్ళు ప్రవర్తన బాగుంటేనే చేతికిచ్చే డబ్బు. ఘోరమైన నేరాల కేసులు కోర్టులో నడుస్తూనే ఉంటాయని అదే పథకంలో రాసుంది. చెక్కు అందుకున్న ఫొటో వాట్సాప్‌లో తిరుగుతుంది. వాయిదాలకు కోర్టు చుట్టూ తిరిగే ఫొటో ఎవరూ తీయరు.

చదివిన పిల్లలకు ఉద్యోగాల్లేవన్న బాధ నిజం. దానికీ దీనికీ ముడి వేసింది మాత్రం మెసేజీ రాసినవాడే.

“మళ్ళీ అడవికే పోతారు, లేదంటే ఇంకో నయీం”

నయీం మాజీ నక్సలైటే. బయటికొచ్చాక హత్యలు, బెదిరింపులు, భూముల సెటిల్మెంట్లు చేశాడన్న కేసులున్నాయి. 2016 ఆగస్టులో షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. తర్వాత ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసింది. పోలీసుల్లో, రాజకీయాల్లో కొందరి అండతోనే అంతవాడయ్యాడన్న ఆరోపణలు అప్పట్లో ప్రతి పేపర్లోనూ వచ్చాయి. అంటే అది పునరావాసం డబ్బులు అయిపోయి దారి తప్పిన కథ కాదు. బయటికొచ్చిన మనిషిని ఎవరు దేనికి వాడుకున్నారన్న కథ.

మీరు నయీంను చూపిస్తే నేను సీతక్కను చూపిస్తాను. చిన్న వయసులోనే జనశక్తి అనే నక్సలైట్ల దళంలోకి వెళ్ళి, బయటికొచ్చి లా చదివి, 2009లో ములుగు ఎమ్మెల్యే అయ్యారు. 2022లో గొత్తికోయ గిరిజనుల పరిస్థితి మీద ఉస్మానియాలో పీహెచ్‌డీ పొందారు. 2023 డిసెంబరులో మంత్రి అయ్యారు. అయితే నిజం చెప్పాలంటే నా ఉదాహరణ కూడా మీ ఉదాహరణలాగే దేన్నీ రుజువు చేయదు. ఇద్దరూ పేపరుకెక్కినవాళ్ళు. వచ్చి ఆటో నడుపుకుంటున్నవాళ్ళూ, చర్ల వైపు మిర్చి తోటల్లో కూలికి పోతున్నవాళ్ళూ పేపరుకెక్కరు. వాళ్ళను వెతికి పట్టుకోకుండా “అందరూ ఇంతే” అని ఎవరూ చెప్పలేరు, బాబాయ్ అయినా నేనైనా.

వెతికి పట్టుకున్న చోట ఏం తేలింది? కొలంబియాలో ప్రభుత్వానికీ ఫార్క్ గెరిల్లాలకూ 2016లో ఒప్పందం కుదిరి 13 వేల మంది దాకా ఆయుధాలు వదిలారు. కొందరు మళ్ళీ తుపాకీ పట్టారు, అది దాచాల్సిన పని లేదు. కానీ అత్యధికులు పట్టలేదు. మెసేజీలో లేని సంగతి ఇంకోటుంది: ఒప్పందం తర్వాత ఆ మాజీల్లో 400 మందికి పైగా హత్యకు గురయ్యారు. మనం వాళ్ళ నుంచి ప్రమాదం గురించి మాట్లాడుతుంటే అక్కడ ప్రమాదం వాళ్ళకే ఎదురైంది. అంతకుముందు తరం మాజీల మీద అదే దేశంలో జరిగిన అధ్యయనంలో, మళ్ళీ నేరంలోకి జారడానికి ఎక్కువగా ముడిపడి కనిపించినవి మూడు నాలుగు: కుటుంబ బంధాలు బలహీనంగా ఉండటం, చదువు లేకపోవడం, మనిషి తత్వం, పక్కనే కాచుకుని ఉన్న నేర ముఠాలు. భార్యాపిల్లలతో ఉంటున్నాడా, ఊళ్ళో ముఠా ఉందా అన్నవి చెక్కు మీద అంకె చూస్తే తెలిసే విషయాలు కావు.

“వివరాలన్నీ పోలీసు ఫైళ్ళలోనే ఉన్నాయి”

జార్ఖండ్‌లో 514 మంది గిరిజన యువకులను నక్సలైట్లుగా లొంగిపోయినట్టు చూపించిన వ్యవహారం గుర్తుందా? సీఆర్పీఎఫ్‌లో ఉద్యోగం వస్తుందని ఆశ చూపి, డబ్బులు తీసుకుని, రాంచీలో పాత జైలు ఆవరణలో ఉంచారన్నది ఆరోపణ. మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్ళింది. ఇప్పుడు ఎవరైనా ఆ లెక్క ముందేసుకుని “నక్సలైట్లు ఎందుకు బయటికొస్తారు?” అని పరిశోధిస్తే ఏం తేలుతుంది? ఉద్యోగం కోసమేనని తేలుతుంది! అసలు లోపలికే వెళ్ళనివాళ్ళు బయటికి ఎందుకొచ్చారో అన్నమాట.

దొంగ లెక్కల సంగతి పక్కన పెట్టినా, ఫైలు రాసేది కేసు కోసం. అందులో అలియాస్ పేరు, హోదా, ఆయుధం, కేసుల వరుస ఉంటాయి. ఎందుకు వదిలావంటే ఒకటే జవాబు: “సిద్ధాంతంపై నమ్మకం పోయి, జనజీవన స్రవంతిలో కలవాలని”. ఆ స్రవంతి ఎక్కడుందో నాకైతే ఇంతవరకూ కనపడలేదు. అడవి నుంచి వచ్చినవాళ్ళకు మొదట కనపడేవి ఆధార్ సెంటరు, అద్దె ఇల్లు, పలకరించని చుట్టాలు. దళంలో పెళ్ళికి ముందు వేసెక్టమీ చేయించుకున్నవాళ్ళుంటారు, వచ్చాక పిల్లలు కావాలని మళ్ళీ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు బస్తర్‌లో ఉన్నారు. పిల్లల కోసం దళం వదిలిన మనిషికీ, కమాండర్‌తో గొడవపడి వదిలిన మనిషికీ, మలేరియాతో పడుకుని ఇంక నడవలేక వదిలిన మనిషికీ ఫైల్లో ఆ ఒక్క వాక్యమే.

“పదిమందిని కూర్చోబెట్టి అడిగితే వారంలో తేలుతుంది”

ఇక నా పొట్ట సంగతి.

మొదట, ఆ పదిమందిని ఎవరు పిలుస్తారు? పోలీసులు పిలిస్తే పోలీసులకు నచ్చేవాళ్ళు వస్తారు. వచ్చిన మనిషి కూడా గదిలో కూర్చున్నది నేనా, ఇంటెలిజెన్సా అని చూసుకుని మాట్లాడతాడు. స్వచ్ఛంద సంస్థ పిలిస్తే ఏదైనా లోను, ఇల్లు వస్తుందని వస్తారు, అందుకు తగ్గట్టే చెబుతారు. ఒకరి ద్వారా ఇంకొకర్ని పట్టుకుంటే ఒకే దళంవాళ్ళు, ఒకే ఊరివాళ్ళు తేలతారు. అందుకే మూడు దారుల్లోనూ వెళ్ళి, ఏ దారిన వచ్చినవాళ్ళు ఏం చెప్పారో విడివిడిగా చూసుకోవాలి. అసలు దళంలోకే వెళ్ళని అదే ఊరి ఈడువాళ్ళతో కూడా మాట్లాడాలి. లేకపోతే పేదరికం వల్ల వచ్చిన కష్టమేదో, మాజీ అయినందుకు వచ్చిన కష్టమేదో విడదీయలేం.

భాష ఇంకో చిక్కు. కోయలో చెప్పిన మాట తెలుగులోకి, తెలుగు నుంచి రిపోర్టు భాషలోకి వెళ్ళేసరికి సగం చచ్చిపోతుంది. ఊళ్ళోనే దుబాసీని పెట్టుకుంటే అతను ఎవరికో బావమరిది అవుతాడు. బయటి నుంచి తెచ్చుకుంటే మాట తెలిసినా మర్మం తెలియదు. ఆడవాళ్ళను మగవాళ్ళు అడిగితే పొడి జవాబులే వస్తాయి.

అసలు భయం వేరే ఉంది. బోస్టన్ కాలేజీ 2001 నుంచి ఉత్తర ఐర్లండ్ మాజీ సాయుధులను టేపుల మీద మాట్లాడించింది. “మీరు బతికున్నంత కాలం బయటపెట్టం” అన్నది మాట. 2011లో బ్రిటన్ పోలీసులు ఆ టేపులు కావాలని అమెరికా కోర్టుల ద్వారా అడిగారు, 2013కల్లా కొన్ని తీసుకెళ్ళారు. 2014లో అక్కడి షిన్ ఫేన్ పార్టీ అధినేత జెర్రీ ఆడమ్స్ లాంటి పెద్ద నాయకుణ్ణి కూడా అరెస్టు చేసి నాలుగు రోజులు ప్రశ్నించి, కేసు పెట్టకుండానే వదిలారు. 2019లో బెల్‌ఫాస్ట్ కోర్టు ఇంకొకరి విచారణలో ఆ టేపులు సాక్ష్యంగా పనికిరావంది. కోర్టుకూ పనికిరాలేదు, మాట్లాడినవాళ్ళకు ఇచ్చిన మాటా నిలవలేదు.

మన దగ్గరా పరిశోధకుడికి ప్రత్యేక రక్షణ ఏమీ లేదు. కొన్ని నేరాల సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పాలన్నది చట్టం. అందుకని మొదటి రోజు ట్రైనింగ్‌లోనే నేను సర్వే కుర్రాళ్ళకు చెప్పేది ఒక్కటే: ఏం చేశావని అడగొద్దు. వాళ్ళే చెప్పబోతే ఆపండి. ఇలా ఆపడం చాలా కష్టం. మనసు విప్పబోతున్న మనిషిని “అన్నా, ఆ సంగతి వద్దులే” అనాలి, అదీ చిన్నబుచ్చకుండా. ఫారం మీద పేరుండదు, కోడ్ నంబరే. పేర్ల జాబితా ఇంకో చోట, ఇంకొకరి దగ్గర. ఈ ఏర్పాట్లన్నీ ఎథిక్స్ కమిటీ (పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే కమిటీ) ఒప్పుకునేదాకా ఒక్క ప్రశ్న కూడా అడగడానికి లేదు. వారం మాట దేవుడెరుగు, నెలలు అక్కడే పోతాయి.

మరి “మళ్ళీ వెళ్తావా?” అన్న ప్రశ్న ఎలా అడగాలి? నేరుగా అడిగితే ఎవడూ అవుననడు. ఒక పద్ధతుంది. సగం మందికి నాలుగు మామూలు వాక్యాలు చదివి, ఏవి నిజమో చెప్పొద్దు, ఎన్ని నిజమో అంకె చెప్పమంటాం. మిగతా సగానికి అవే నాలుగూ, ఐదోది “పాతవాళ్ళు పిలిస్తే ఆలోచిస్తాను”. రెండు సగాల సగటుకు మధ్య తేడాయే జవాబు. ఎవరు ఏమన్నారో మాత్రం బయటపడదు. కానీ దీనికి వందల మంది కావాలి. పదిమందితో తేడా రాదు, రభస వస్తుంది.

“పైగా వీళ్ళ మీద రీసెర్చ్ ప్రాజెక్టులు!”

ఆ ఆశ్చర్యార్థకంలో ఉన్న అనుమానం నాకు తెలుసు. వీళ్ళను మంచివాళ్ళుగా చూపించడానికే పరిశోధన అని. సియెర్రా లియోన్‌లో యుద్ధం అయ్యాక 1,043 మంది మాజీ సాయుధులను సర్వే చేశారు. అంతర్జాతీయ నిధులతో నడిచిన పునరావాస కార్యక్రమంలో చేరినవాళ్ళు చేరనివాళ్ళ కంటే బాగా కుదురుకున్నారనడానికి ఆధారం పెద్దగా దొరకలేదు. జనాన్ని ఎక్కువ హింసించిన దళాల్లో పనిచేసినవాళ్ళకు ఊళ్ళో మళ్ళీ కలవడం ఎక్కువ కష్టమైంది. ఇందులో ఎవరికి పూలదండ వేసినట్టు?

లైబీరియాలో వెయ్యి మందికి పైగా మాజీలతో చేసిన ప్రయోగంలో వ్యవసాయ శిక్షణ, పనిముట్లు అందినవాళ్ళు దొంగ గనుల పని తగ్గించారు గానీ పూర్తిగా మానలేదు. ఈలోగా పక్కనే ఐవరీ కోస్ట్‌లో యుద్ధం వచ్చి కిరాయి సైనికుల కోసం మనుషులు తిరిగారు. సరఫరా చిక్కుల వల్ల రెండో విడత సాయం ఇంకా అందక దానికోసం ఎదురుచూస్తున్నవాళ్ళే ఆ పిలుపుకు తక్కువగా కదిలారు. చేతికొచ్చేసిన డబ్బు కంటే రాబోయే డబ్బే మనిషిని ఇంటిపట్టున ఉంచిందన్నమాట. ఇది ఎవరూ ముందు ఊహించింది కాదు. నెలల తరబడి అవే మనుషుల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళబట్టి దొరికింది.

2025 అక్టోబరులో మావోయిస్టు అగ్రనేతలు మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో 60 మందితో, తక్కళ్ళపల్లి వాసుదేవరావు జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా వచ్చి ఆయుధాలు అప్పగించారు. ఇద్దరూ తెలంగాణ వాళ్ళే. వెంట వచ్చినవాళ్ళలో బస్తర్ వాళ్ళు చాలామంది. కేంద్ర పథకం కింద వేసే డిపాజిట్లకు మూడేళ్ళ గడువు 2028 చివర్లో తీరుతుంది. అప్పుడు ఎవరు ఎటు వెళ్ళారో పోల్చి చూడాలంటే ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నారో ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాలి. ఫోన్ నంబర్లు మూడు నెలలకోసారి మారిపోతుంటాయి. బాబాయ్‌కి ఇదంతా గ్రూపులోనే పెట్టాను. ఇంకా నీలం టిక్కులు పడలేదు.