బిళ్ళగన్నేరు ఆకు నమ్మి షుగర్ మాత్ర మానేయకండి

విశాఖలో వాకింగ్ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పరగడుపున నాలుగు బిళ్ళగన్నేరు ఆకులు నమిలితే షుగర్ పూర్తిగా పోతుందట. ఈ సంగతిని మందుల కంపెనీలు దాచేశాయట. విశాఖ దగ్గర మందుల ఫ్యాక్టరీలున్న పరవాడలో తయారయ్యేవన్నీ కెమికల్సేనట, ఆకుకైతే సైడ్ ఎఫెక్ట్స్ ఉండవట. చివర్లో "మా బాబాయ్‌కి తగ్గింది" అన్న సాక్ష్యం కూడా ఉంది. ఇది నమ్మి మాత్రలు పక్కన పెట్టినవాళ్ళు నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

"దాచేశారు" అన్న మాట అబద్ధం. బిళ్ళగన్నేరు కషాయం షుగర్‌కి పనిచేస్తుందని జమైకాలో జనం నమ్మేవారు. 1950ల్లో అక్కడి నుంచి ఆకులు కెనడాకు చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే పరిశోధకులు ఆ నమ్మకాన్నే పరీక్షకు పెట్టారు. ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే రక్తంలో షుగర్ మారలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. ఎందుకని చూస్తే, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లరక్తకణాలు పడిపోయాయి! వాళ్ళు ఆ దారి వదల్లేదు. తెల్లకణాలను అణిచేది, అవి అదుపు తప్పి పెరిగే బ్లడ్ క్యాన్సర్‌కి పనికొస్తుందేమో అనుకున్నారు. అలా ఈ మొక్కలోంచే 1958 నాటికి విన్‌బ్లాస్టిన్, ఆ తర్వాత మరో ల్యాబ్‌లో విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందులు బయటపడ్డాయి. పిల్లల లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) చికిత్సలో విన్‌క్రిస్టిన్ ఈరోజుకీ ముఖ్యమైన మందు.  ఇంత బహిరంగంగా వెతికి, రాసి, అమ్ముతున్నదాన్ని దాచారని ఎలా అంటాం?

"సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్నది ఇంకా ప్రమాదం. ఆ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు, అంటే ఒంటి మీద గట్టిగా పనిచేసే రసాయనాలు, ఉంటాయి. విన్‌బ్లాస్టిన్ ఒక్క గ్రాము తీయాలంటే దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలి. అంటే నాలుగాకుల్లో ఉండేది అతి తక్కువే, నిజమే. కానీ ఏ ఆకులో ఏది ఎంతుందో నమిలేవాళ్ళకు తెలియదు. విన్‌క్రిస్టిన్ ఎక్కువైతే కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, నరాలు దెబ్బతింటాయి. షుగర్ ఉన్నవాళ్ళకు అసలే అరికాళ్ళు మొద్దుబారే భయం. గర్భిణులైతే ఈ ఆకు జోలికే వెళ్ళకూడదు.

ఇక "కెమికల్స్". షుగర్‌కి ఎక్కువగా వాడే మాత్ర మెట్‌ఫార్మిన్ కథ కూడా మొక్క దగ్గరే మొదలైంది. యూరప్‌లో పెరిగే గలీగా అనే మొక్కలోని పదార్థం షుగర్ తగ్గించేది, కానీ విషపూరితం. దానికి దగ్గరి బంధువైన మెట్‌ఫార్మిన్‌ను 1922లోనే ల్యాబ్‌లో తయారుచేశారు. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు మనుషుల మీద వాడి ఫలితాలు ప్రకటించారు. పేటెంట్ ఎప్పుడో తీరిపోయింది, ఎన్నో కంపెనీలు చవగ్గా అమ్ముతున్నాయి. లాభం కోసం అన్నీ దాచేస్తారంటే, 1921లో ఇన్సులిన్ కనుక్కున్నవాళ్ళు పేటెంట్‌ను ఒక్కొక్కరూ ఒక్క డాలరుకే టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

పరవాడ, అచ్యుతాపురం మీద మన కోపం న్యాయమైనదే. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కంపెనీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. కార్మికుల భద్రత గురించి, గాలి, నీటి గురించి గట్టిగా అడగాలి. కానీ మాత్ర పనిచేస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి ఫ్యాక్టరీ మీది కోపం జవాబు కాదు.

బాబాయ్ సంగతి. ఆకుతో పాటు ఆయన నడక మొదలుపెట్టారా, రాత్రి అన్నం తగ్గించారా, మాత్ర కూడా వేసుకుంటూనే ఉన్నారా? ఈ చిక్కు విప్పడానికే ట్రయల్స్‌లో మనుషుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకే మందు ఇచ్చి పోల్చి చూస్తారు. ఈ ఆకు మాత్రకు బదులు పనికొస్తుందని మనుషుల్లో అలాంటి రుజువు లేదు. ఇప్పటికే మాత్ర మానేసి ఉంటే ఈ వారంలోనే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించుకుని, డాక్టరుకు ఆకు సంగతి కూడా దాచకుండా చెప్పండి.