సవరణ: చిన్న ప్లాటినం నాణేల గురించి నేను రాసిన రెండు తప్పులు

తక్కువ డబ్బుతో ప్లాటినం నాణేలు కూడబెట్టడం గురించి మొన్న రాసినప్పుడు, ఔన్సు అంటే 28.35 గ్రాములని చెప్పాను. అది తప్పు. విలువైన లోహాలను తూచేది ట్రాయ్ ఔన్సులో, అది 31.1 గ్రాములు. ఈ తేడా చిన్నది కాదు. నా మాట నమ్మి ఎవరైనా పదో వంతు ఔన్సు నాణెం తూచి, తక్కెడ 2.83 చూపితే సరిగ్గానే ఉందని సంతోషిస్తారు. నిజానికి ఆ నాణెం 3.11 గ్రాములు తూగాలి. 2.83 చూపితే అనుమానించాల్సిందే. ఈ పొరపాటుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను.

రెండోది, అమెరికా ప్రభుత్వ టంకశాల ముద్రించే అమెరికన్ ప్లాటినం ఈగిల్ నాణెం చిన్న పరిమాణాల్లో ఇప్పటికీ వస్తోందన్నాను. 1997లో మొదలైన ఆ వరుసలో సగం, పావు, పదో వంతు ఔన్సు నాణేల ముద్రణ 2008తో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవి పాతవే. కాబట్టి వాటికి లోహం విలువ మీద అదనంగా అడిగే మొత్తం ఎక్కువగా ఉండవచ్చు.

అందుకే చిన్న నాణేలతోనే మొదలుపెట్టమన్న నా సలహానూ మార్చుకుంటున్నాను. నాణెం ఎంత చిన్నదైతే గ్రాముకు పడే ముద్రణ ఖర్చు అంత ఎక్కువ. పదో వంతువి పది కొంటే, ఒక ఔన్సు నాణెం కన్నా సాధారణంగా ఎక్కువే అవుతుంది. కొన్ని నెలలు ఓపిక పట్టి, డబ్బు కూడబెట్టుకుని ఒక ఔన్సు ప్లాటినం నాణెం, కెనడా వారి మేపుల్ లీఫ్ గానీ ఆస్ట్రియా వారి ఫిల్‌హార్మోనిక్ గానీ, కొనడం మేలని ఇప్పుడు నా అభిప్రాయం. రకరకాల బొమ్మల కోసమే సేకరించేవారు మాత్రం చిన్నవి నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు.