రెండావులతో నెలకు నలభై వేలట!

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇది: "రెండు సంకర జాతి ఆవులు కొనండి. రోజుకు ఇరవై లీటర్ల పాలు. లీటరు 65 చొప్పున నెలకు 39 వేలు. మేత పొలంలోనే దొరుకుతుంది, ఖర్చు లేదు. పెండ అమ్మినా డబ్బే. ముసలిదైతే అంగట్లో అమ్మితే సగం పెట్టుబడి తిరిగొస్తుంది. పైగా సర్కారు అనుదాన్ (సబ్సిడీ). అయినా మనోళ్లు కొట్టాలు ఖాళీ చేసి హైదరాబాద్ పోతున్నారంటే బద్ధకం తప్ప ఇంకేం కాదు." కింద చప్పట్లు, దండాలు.

రాసినవాళ్లు ఏనాడూ పాలు పిండి ఉండరు. అయినా ఒక్కో మాటే చూద్దాం.

మొదట ఆ 65. అది పట్నంలో ప్యాకెట్ కొనేవాడు ఇచ్చే ధర, రైతు చేతికొచ్చేది కాదు. 2024 అక్టోబరులో మహారాష్ట్ర సర్కారు లెక్క ప్రకారమే ఆవు పాలకు డెయిరీ ఇవ్వాల్సింది లీటరుకు 28 రూపాయలు, దాని మీద అనుదాన్ 7. ఆ 28 కూడా ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాకుండా ఉండే గట్టి పదార్థం) సరిపోతేనే. కలెక్షన్ సెంటర్లో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. క్యాన్ మూత తీసి, కలిపి, చిన్న గ్లాసెడు పాలు మిషన్ కింద పెడతారు. అరనిమిషంలో చీటీ బయటికొస్తుంది. ఫ్యాట్ బాగానే ఉంటుంది, ఎస్ఎన్ఎఫ్ దగ్గర మాత్రం 8.1 అని పడుతుంది. 8.5కు ఎంత తక్కువైతే అంత కోత. పచ్చిమేత లేని ఎండాకాలంలో నీళ్లు చుక్క కలపకపోయినా ఆ అంకె పడిపోతుంది. ఆవు తప్పా, పాలు తెచ్చినామె తప్పా? మిషన్‌తో వాదం పెట్టుకునేదెవరు, చీటీ మడిచి కొంగుకు కట్టుకుని ఇంటికి రావడమే.

సరే, కోతే లేదనుకుందాం. నెలకు 600 లీటర్లు, 28 చొప్పున 16,800. ఇప్పుడు దాణా. పశువైద్యులు చెప్పే మోటు లెక్క, ఆవు ఒంటికి కిలోన్నర, పైన రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున. పది లీటర్ల ఆవుకు రోజుకు ఐదున్నర కిలోలు. కిలో ముప్పై వేసుకుంటే 165 రూపాయలు. రెండావులకు నెలకు 9,900. మిగిలింది 6,900. చొప్ప, మందులు, సూదులు, ఆవు కొన్నప్పటి అప్పు కిస్తీ అన్నీ ఇందులోంచే. కూలి సంగతి ఎత్తడమే లేదు, ఇంటి ఆడవాళ్ల కష్టానికి ఎవరూ ధర కట్టరు కదా.

ఇదంతా రెండూ పాలిచ్చే నెల సంగతి. ఆవు మూడువందల రోజులు పాలిస్తే, మళ్లీ ఈనే దాకా వంద రోజులకు తక్కువ కాకుండా వట్టిపోయి ఉంటుంది. సూడి నిలవకపోతే ఇంకా ఎక్కువ. "పాలిచ్చినన్ని దినాలు అందరు లెక్కవెడ్తరు బిడ్డా, వట్టిపోయినప్పుడు దానికి ఏం వెట్టాలె?" అని మా చిన్నమ్మ అంటుంది. మెసేజీలో ఆ నెలలు లేవు. సంకర ఆవు వద్దు, మన దేవణియో లాల్ కంధారియో చాలనుకుంటే ఖర్చు తగ్గే మాట నిజమే, పాలు కూడా ఒక ఈతకు సగటున వెయ్యి లీటర్లు దాటవు. ఆ జాతులకు పేరొచ్చింది ఎడ్ల వల్ల. ఇప్పుడు దున్నడానికి ట్రాక్టరు వచ్చింది.

"మేత పొలంలోనే దొరుకుతుంది" అన్న మాట ముప్పై ఏళ్ల కింద చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ని. నాందేడ్ జిల్లాలో అప్పుడు ఎటు చూసినా జొన్న. కంకి మనకు, చొప్ప పశువుకు. కోతలయ్యాక ఇంటి వెనక చొప్ప వాము లేని రైతిల్లు ఉండేది కాదు. ఇప్పుడా చేన్లలో సోయాబీన్, పత్తి. సోయా నూర్చాక మిగిలే పొట్టు చొప్పకు సాటి రాదు, పత్తికట్టె పొయ్యిలోకే. కాబట్టి పొలం ఉన్న రైతు కూడా చొప్ప కట్టలు కొంటున్నాడు, కొన్నది ట్రాక్టరులో తెచ్చుకుంటున్నాడు. జొన్న మానేసినందుకు రైతును తిట్టనక్కర్లేదు, చేతికి నగదు కావాలి కాబట్టి సోయా వేశాడు. ఆ సోయాకు 2024లో మద్దతు ధర క్వింటాలుకు 4,892 అంటే బజారులో నాలుగు వేల చుట్టూనే తిరిగింది. ఇటు గింజలో మునిగి, అటు చొప్ప కొని, మధ్యలో ఆవును మేపాలి. ఇక గైరాన్ అనే ఊరుమ్మడి మేత భూముల్లో చాలాచోట్ల ఇళ్లు, చేన్లు లేచాయి. మంద తోలుకుపోవడానికి జాగా ఏది?

అసలు దెబ్బ అమ్మకం దగ్గర ఉంది. ముసలి పశువును అమ్మి, ఆ డబ్బుకు కొంత కలిపి పడుచుదాన్ని తేవడం, తరాలుగా పాడి నడిచింది ఇలాగే. లోహా తాలూకా మాళెగావ్ ఖండోబా జాతరలో ఇప్పటికీ రుమాలు కింద వేళ్లు పట్టుకుని బేరాలాడతారు. వయసు తెలియడానికి పెదవి ఎత్తి పళ్లు చూస్తారు. రెండు పళ్లా, నాలుగు పళ్లా, ఆరు పళ్లా అని. పళ్లు అరిగిపోయిన ఎద్దు దగ్గరికి వచ్చేసరికి రుమాలు భుజం మీదికి వెళ్లిపోతుంది. మహారాష్ట్రలో ఆవు వధ 1976 చట్టంతోనే ఆగింది. 2015లో అమల్లోకొచ్చిన సవరణతో ఎడ్లు, కోడెలు కూడా అందులో చేరాయి. వధకని రాష్ట్రం దాటించినా నేరమే. అవతల తెలంగాణ చట్టం పనికిరాని ఎద్దు విషయంలో పశువైద్యుడి సర్టిఫికెట్ ఉంటే వధకు ఒప్పుకుంటుంది. అక్కడి మద్నూర్ మాకు ఎంతో దూరం లేదు, కానీ ఇక్కడి ఎద్దుకు ఆ దారి లేదు. సేద్యానికే తోలుకుపోతున్నా దారిలో ఎవరు ఆపుతారో, ఎవరికి ఏం చెప్పుకోవాలో అన్న భయానికి బేరగాళ్లు తగ్గారు. చట్టం మంచిదా చెడ్డదా అన్నది నేనిక్కడ తేల్చబోవడం లేదు. సగం పెట్టుబడి తిరిగొస్తుందన్న మాట మాత్రం అబద్ధం. సంకర ఆవుకు కోడెదూడ పుడితే మరీ తంటా. మూపురం సరిగా ఉండదు, ఎండకు ఆగదు, కాడికి పనికిరాదు, కొనేవాడుండడు, తినడం మాత్రం తింటుంది. బర్రెకు ఈ చిక్కు లేదు, ఆ చట్టం బర్రెల వధను ఆపలేదు. చాలా ఇళ్లలో ఆవు పోయి బర్రె వచ్చిందంటే వెన్న శాతం ఒక్కటే కారణం కాదు.

అనుదాన్ ఇచ్చిన మాట నిజం. 2024 జనవరిలో లీటరుకు 5తో మొదలైంది, తర్వాత 7 అయింది. అయితే అది గడువు పెట్టి ఇచ్చింది, అదీ డెయిరీకి పోసిన ఆవు పాలకే. పశువు చెవికి పన్నెండంకెల పసుపు బిళ్ల ఉండాలన్నారు, ఖాతా ఆధార్‌కు ముడిపడి ఉండాలన్నారు. దెగ్లూర్ హోటళ్లకో, వాడుక ఇళ్లకో పోసేవాళ్లకు అందులో పైసా రాలేదు. 2022లో పశువులకు లంపీ చర్మరోగం వచ్చినప్పుడు చచ్చిన ఆవుకు 30 వేలు, ఎద్దుకు 25 వేలు, దూడకు 16 వేలు ఇచ్చారు, కాదనను. బతికి బయటపడి పాలు సగానికి పడిపోయిన ఆవు సంగతి ఎవరూ అడగలేదు.

పెండ మాట ఒప్పుకుంటా. రెండు పశువుల పెండ సొంత చేనుకే చాలదు గానీ, ఎరువు బస్తా ఖర్చు కొంత తగ్గుతుంది.

ఇక బద్ధకం. తెల్లారి నాలుగున్నరకు లేచి పెండ తీసి, పాలు పిండి, ఆరింటికల్లా సెంటర్ దగ్గర లైన్లో నిలబడేవాళ్లకు పెళ్లికి పోయినా సాయంత్రానికల్లా తిరిగి రావాల్సిందే, లేకపోతే పాలు ఎవరు పిండుతారు? ఆ ఇంటి పిల్లవాడు హైదరాబాద్‌లో నెలకు పదిహేను వేల పనికి పోయాడంటే 6,900 పక్కన 15,000 పెట్టి చూసుకున్నాడు, అంతే. ఇంకా పశువుల్ని వదలనివాళ్లు మా దగ్గర ఎలా నెట్టుకొస్తున్నారంటే, అరెకరంలో చొప్ప కోసమే జొన్న వేస్తున్నారు, ఆవు జాగాలో బర్రెను కట్టారు, ఉదయం పాలు వాడుక ఇళ్లకు పోసి సాయంత్రానివి మాత్రమే సెంటర్‌కు తెస్తున్నారు. మెసేజీ ఫార్వర్డ్ చేసేవాళ్లలో ఎవరికైనా నిజంగా ఆవులు కొనే ఉద్దేశం ఉంటే, ముందు ఊళ్లో చొప్ప కట్ట ధర కనుక్కోండి.