గేటు దాటి వెళ్లిపోయిన కార్మికుడిని లెక్కించేదెవరు?

పలక మీద బలపంతో అ, ఆలు దిద్దిన తరం మాది. ఆ బలపాన్ని కోసేటప్పుడు లేచే దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందో మాకు ఎవరూ చెప్పలేదు. పలకలకు మన మార్కాపురం ఎంత పేరో, బలపాలకు మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ అంత పేరు. అక్కడి కార్మికుల మీద అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 1985లో అచ్చయింది. 593 మందిని పరీక్షిస్తే 54.6 శాతం మందికి సిలికోసిస్, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, ఉంది. 16 నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే అప్పటికే 23 మంది చనిపోయారు. వాళ్ల సగటు వయసు 35 ఏళ్లు కూడా లేదు.

ఆ మొదటి లెక్క కంటే, రెండోసారి వెళ్లి చూడటమే ఈ పరిశోధనలో గొప్ప విషయమని నా అభిప్రాయం. వెళ్లకపోయి ఉంటే ఆ 23 మంది ఏమయ్యారన్నది ఏ కాగితంలోనూ ఉండేది కాదు. పని వల్ల వచ్చే జబ్బుల మీద మన దేశంలో జరిగే పరిశోధనలో పెద్ద లోటు ఇదే. పని చోట ఉన్నవాళ్లను పరీక్షిస్తున్నాం, పని చేయలేక ఇంటికి పోయినవాళ్లను వదిలేస్తున్నాం.

సిలికోసిస్ ఎలా వస్తుందో తెలిస్తే ఈ లోటు ఎంత పెద్దదో అర్థమవుతుంది. రాయి కోసేటప్పుడు కంటికి కనిపించే దుమ్ము చాలావరకు కింద పడిపోతుంది, కొంత ముక్కులోనే ఆగిపోతుంది. ప్రాణం తీసేది కనిపించని దుమ్ము. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఊపిరితిత్తుల అడుగు దాకా చేరే రేణువులు నాలుగైదు మైక్రాన్లే ఉంటాయి. అక్కడ కాపలా ఉండే కణాలు రాతి దుమ్ములోని ఆ సిలికా అనే ఖనిజపు రేణువును మింగుతాయి, అరిగించుకోలేక చచ్చిపోతాయి. రేణువు మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఇలా జరిగిన చోటల్లా ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. దాన్ని మళ్లీ మెత్తబరిచే మందు లేదు. పని మానేసినా జబ్బు ముదురుతూనే ఉంటుంది. చాలామందికి పదేళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత బయటపడుతుంది, దుమ్ము బాగా ఎక్కువైతే కొన్నేళ్లలోనే.

ఇప్పుడు ఒక రాళ్ల క్రషర్‌ను ఊహించుకుందాం. పదేళ్ల కిందట వంద మంది పనిలో చేరారు. ఆయాసం ఎక్కువై 30 మంది ఊళ్లకు పోయారు. ఇవాళ డాక్టర్ల బృందం వచ్చి మిగిలిన 70 మందికి ఎక్స్‌రేలు తీస్తే ఏడుగురికి జబ్బు ఉందని తేలింది. రిపోర్టులో పది శాతం అని రాస్తారు. నిజానికి జబ్బు పడింది వందలో 37 మంది. పరిశోధకులు దీన్ని 'హెల్దీ వర్కర్ ఎఫెక్ట్' అంటారు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లే పనిలో మిగులుతారు కాబట్టి, పని చోట కొలిస్తే జబ్బు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. జీతాల రిజిస్టర్లు సరిగ్గా ఉండే దేశాల్లో పాత కార్మికులను వెతికి పట్టుకుని ఈ తప్పును సరిచేస్తారు. మన దగ్గర క్రషర్ కూలీ పేరు మస్టర్‌లో ఉండదు. ఉంటే గింటే మేస్త్రీ నోట్‌బుక్‌లో ఉంటుంది.

దుమ్ము కొలవడంలోనూ ఇదే కష్టం. సరైన పద్ధతి ఏమిటంటే కార్మికుడి నడుముకు చిన్న పంపు కట్టి, ముక్కు దగ్గర ఫిల్టర్ పెట్టి, షిఫ్టంతా అతను పీల్చే గాలిని సేకరించాలి. కానీ కొలతకు వస్తున్నారని ముందే తెలిస్తే ఆ రోజు నీళ్లు చల్లుతారు, సగం యంత్రాలు ఆపేస్తారు. ఆ ఒక్క రోజు అంకె పదేళ్ల దుమ్ముకు సాక్ష్యం అవుతుందా? కార్మికుడితో కూర్చుని ఏ ఏడు ఎక్కడ, ఏ యంత్రం మీద, రోజుకు ఎన్ని గంటలు చేశావని ఓపిగ్గా అడిగి రాసుకున్న పని చరిత్రను నేను ఎక్కువ నమ్ముతాను.

ఊళ్ల నుంచి లెక్క మొదలుపెడితే ఏం జరుగుతుందో గోధ్రా చూపించింది. గుజరాత్‌లోని ఆ ప్రాంతంలో క్వార్ట్జ్ రాయిని పిండి చేసే మిల్లుల్లో ఝాబువా, అలీరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసీలు పనిచేశారు. జబ్బుపడి మధ్యప్రదేశ్‌లోని సొంత ఊళ్లకు తిరిగొచ్చి చనిపోయారు. మిల్లులు ఒక రాష్ట్రంలో, చావులు ఇంకో రాష్ట్రంలో. విషయం బయటికొచ్చింది ఆ ఊళ్లలో తిరిగి పేర్లు రాసుకున్నవాళ్ల వల్లే. అది జాతీయ మానవ హక్కుల కమిషన్ దాకా, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 238 మంది మృతుల కుటుంబాలకు 3 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని 2016లో కోర్టు గుజరాత్‌ను ఆదేశించింది. పేర్లు రాసి పెట్టకపోతే ఆ 238 అనే అంకే లేదు.

చట్టంలో దారి లేకపోలేదు. సిలికోసిస్ కేసు చూసిన డాక్టర్ ప్రభుత్వానికి తెలియజేయాలన్న నియమం 1948 ఫ్యాక్టరీల చట్టం కాలం నుంచే ఉంది. ఆస్బెస్టాస్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటిదాకా దాచాలంది. ఎంత దూరం ఆలోచించి చెప్పిన మాట! కానీ ఫ్యాక్టరీల చట్టం స్థానంలో తెచ్చిన 2020 కార్మిక భద్రత, ఆరోగ్య కోడ్‌లో, కరెంటుతో నడిచే యూనిట్‌ను ఫ్యాక్టరీగా లెక్కించడానికి కావలసిన కార్మికుల సంఖ్యను 10 నుంచి 20కి పెంచారు. రాయి కోసే చిన్న యూనిట్లను చూసినవాళ్లెవరికైనా ఇది ఎవరిని వదిలేస్తుందో తెలుసు.

ఇక టీబీ సంగతి. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం టీబీ, సిలికోసిస్ రెండింటిలోనూ ఉంటాయి, ఎక్స్‌రేలో మచ్చలు కూడా ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలోనే కనిపిస్తాయి. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ త్వరగా పట్టుకుంటుంది. సొరంగాల పనికీ డ్యాముల పనికీ దేశమంతా తిరిగిన పాలమూరు కూలీ ఆయాసంతో ఆస్పత్రికి వస్తే, బీడీ తాగుతావా అని అడుగుతారు. ఏం పని చేశావని అడిగేది తక్కువ. టీబీ అనుకుని ఇచ్చిన గోళీలు నెలల తరబడి మింగినా తగ్గకపోతే మందు సరిగ్గా వేసుకోలేదని తప్పు అతని మీదే వేస్తారు.

అందుకే పరిశోధన టీబీ రిజిస్టర్ల దగ్గర మొదలవ్వాలంటాను. వలస ఎక్కువగా ఉన్న మండలాల్లో ప్రతి టీబీ రోగి పని చరిత్రనూ రాయాలి. గోళీలకు తగ్గనివాళ్ల ఎక్స్‌రేలను సిలికోసిస్ తెలిసిన డాక్టర్ మళ్లీ చూడాలి. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసేందుకు కేంద్రం 2021లో మొదలుపెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో కార్మికుడి వృత్తి ఎలాగూ నమోదవుతోంది, అక్కడ ఇచ్చే నంబర్‌కే పాత పనుల వివరాలూ జోడించవచ్చు. రాజస్థాన్ 2019 విధానం ప్రకారం మెడికల్ బోర్డు జబ్బును ధ్రువీకరిస్తే కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు వస్తాయి. మన దగ్గర గ్రానైట్ క్వారీలున్న ప్రతి జిల్లాలోనూ అలాంటి బోర్డు కూర్చోవాలి. ఎక్స్‌రేలో ఏం కనిపించిందో, ఏ పని వల్ల వచ్చిందో తెలుగులో రాసి, సంతకం పెట్టి, ఆ కాగితాన్ని ఆ రోజే కార్మికుడి చేతికివ్వాలి.