గిట్టుబాటు కాని ఆటలు

కోటీ డెబ్భై లక్షల జనం కూడా లేని తూర్పు జర్మనీ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 40 స్వర్ణాలు కొట్టింది. అమెరికా 34 దగ్గరే ఆగిపోయింది. విటమిన్లని చెప్పి అమ్మాయిల చేత మింగించిన నీలం స్టెరాయిడ్ మాత్రల కథ ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ రాజ్యం అసలు రంగు నాకు ఇంకా బాగా కనిపించేది 1969లో తీసుకున్న ఒక నిర్ణయంలో.

ఆ ఏడాది ఆటల్ని రెండుగా విడగొట్టారు. ఈత, అథ్లెటిక్స్, రోయింగ్ లాంటివాటికి డబ్బు, కోచ్‌లు, విదేశీ ప్రయాణాలు. బాస్కెట్‌బాల్, హాకీ, వాటర్‌పోలోలకు మొండిచెయ్యి. ఎందుకంటే పన్నెండు మందిని ఏళ్ల తరబడి మేపినా బాస్కెట్‌బాల్‌లో వచ్చేది ఒకే పతకం. అదే ఈతలో అయితే మాంట్రియల్‌లో కోర్నేలియా ఎండర్ ఒక్కతే రిలేతో కలిపి నాలుగు స్వర్ణాలు పట్టుకొచ్చింది. 1968లో మెక్సికో ఒలింపిక్స్ ఆడొచ్చిన హాకీ జట్టుకు మరుసటి ఏడాదే తలుపులు మూసేశారు. సమష్టి గురించి పొద్దస్తమానం ఉపన్యాసాలిచ్చే పాలక కమ్యూనిస్టు పార్టీ, జట్టుగా ఆడే ఆట గిట్టుబాటు కాదని తేల్చింది! షావుకారు కూడా ఇంత నిక్కచ్చిగా లెక్క చూడడేమో. ఫుట్‌బాల్ జోలికి మాత్రం పోలేదు. జనానికి ఆ పిచ్చి ఉంది, పైగా రహస్య పోలీసు సంస్థ స్టాసీ అధిపతి ఎరిక్ మీల్కె ముద్దుల క్లబ్బు బీఎఫ్‌సీ డైనమో 1979 నుంచి వరుసగా పది లీగ్ టైటిళ్లు ఎగరేసుకుపోయింది.

ఇంత ఆరాటం ప్రత్యేక దేశంగా గుర్తింపు కోసమే. 1964 దాకా రెండు జర్మనీలదీ ఒకే జట్టు, 1968 దాకా ఒకే జెండా. 1972లో మ్యూనిక్‌లో, అంటే పశ్చిమ జర్మనీ గడ్డ మీదే, తూర్పు జర్మనీ జెండా ఎగిరింది, గీతం మోగింది. దౌత్యవేత్తలు ఏళ్ల తరబడి తంటాలు పడ్డ పనిని పతకాలు టీవీలో చేసి చూపించాయి.

కార్మికుల పిల్లలకు ఉచితంగా కోచింగ్ దొరికింది కదా అంటారు. దొరికింది, కాదనను. కానీ బడిలో ఎత్తూ బరువూ కొలిచి ఏరుకున్న పిల్లలకే. ఆ కొలతకు అందని పిల్లాడు బాస్కెట్‌బాల్ బాగా ఆడితే మాత్రం ఎవరిక్కావాలి?

మనకు సోషలిజం లేదు గానీ ఆ లెక్క మాత్రం వచ్చేసింది. పారిస్‌లో ఆరు పతకాలతో తిరిగొచ్చిన దేశం 2036 ఒలింపిక్స్ మనకే కావాలంటోంది. పతకం తెచ్చాక కోట్లు, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించడానికి రాష్ట్రాలు పోటీ పడతాయి. పతకం రాకముందు ఆ పిల్ల ఎక్కడ పరిగెత్తిందో అడిగే నాథుడు లేడు. 2036 బిడ్‌లో పతకాల లక్ష్యం పక్కనే, పీఈటీ, ఆటస్థలం రెండూ ఉన్న ప్రభుత్వ బడులెన్నో కూడా రాయమనండి చూద్దాం.